సీసము కాని సీసము

ఒక వస్తువునకు లోకమున నొకసారి పేరు పడిన పిదప, ఆ పేరు తప్పని తేలినను దానిని మాన్పుట కష్టము. పిల్లలు వ్రాయు పెన్సిలులోని నల్లని పుల్లను ఇంగ్లీషువారు నేటికిని ‘లెడ్డు’ అనియే పిలుచుచున్నారు. జర్మనుభాషలో పెన్సిలునకు సీసపుపుల్ల యని యర్థమిచ్చు పేరే నిలిచియున్నది. వారిని జూచి మనవారును దీనిని నల్లసీసమనిరి. ఆ పుల్లలో సీసము రవంతయు లేదు. బిడ్డ పెన్సిలు కొన కొఱికినప్పుడు సీసము కడుపులోనికి పోయెనేమో యని కలతపడు తల్లులను మేమెఱుగుదుము. పుల్లనుగూర్చి యా భయము నిష్కారణము. కఱ్ఱకు పైన పూసిన రంగు సంగతి వేఱు. పూర్వకాలపు రంగులలో సీసము కలియుట కలదు గావున, కొఱుకుడు మాన్పించుటయే మేలు.

ఈ పదార్థమునకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గ్రాఫైటు. 1779వ సంవత్సరమున స్వీడను దేశమున షీలే యను మందులవర్తకుడు దీనిని సురేకారముతో గలిపి కాల్చి చూచెను. సీసమైనచో సీసభస్మము మిగులవలసినది. ఇదియో, బొగ్గు కాలునప్పుడు పుట్టు వాయువునే విడిచి తాను మాయమయ్యెను. 1789లో జర్మను ఖనిజశాస్త్రవేత్త వెర్నరు, వ్రాయుట యను నర్థముగల గ్రీకుధాతువునుండి గ్రాఫైటను పేరు కల్పించెను. 1797లో స్మిత్సన్ టెన్నెంటను నింగ్లీషు రసాయనజ్ఞుడు వజ్రమునుగూడ సురేకారముతో కాల్చి, అదియు కర్బనమే యని తేల్చెను. రాజుల కిరీటమందలి రాయియు, బడిపిల్లవాని చేతిపుల్లయు, పొయ్యిలోని బొగ్గును ఒకే మూలద్రవ్యమని యిట్లు పదునెనిమిదేండ్లలో నిర్ణయమయ్యెను.

భేదమంతయు కూర్పులో నున్నది. వజ్రమున ప్రతి పరమాణువును చుట్టునున్న నాలుగింటితో సమముగ బిగిసియుండును. అందుచేతనే దానికంత కాఠిన్యము. గ్రాఫైటున పరమాణువులు తేనెపట్టు గదులవలె ఆఱుమూలల గదులుగ నల్లుకొని పలుచని పొరలగును. పొరలోపలి బంధము మిక్కిలి గట్టిది. పొరకును పొరకును నడుమనున్న యెడమో, పొరలోని పరమాణువుల యెడమునకు రెండింతలకు మించినది. కావున పొరలు తమలపాకుల కట్టవలె నొకదానిపై నొకటి జాఱును. పెన్సిలుతో గీత గీయుట యనగా నట్టి పొరలను కాగితముపై నూడ్చి విడుచుటయే. ఇంత మెత్తనిదయ్యు, లోహములను కరగించు నగ్నిలో నిది కరగదు. బొగ్గుజాతిదయ్యు, సులభముగ నంటుకొనదు. లోహము కాకున్నను విద్యుత్తును పాఱనిచ్చును. ఇన్ని గుణములున్నను, ప్రకృతి దీనిని శుద్ధముగ నిచ్చుట మిక్కిలి యరుదు. పలుగురాయి, అభ్రకము, మన్ను మొదలగువానితో నల్లిబిల్లిగ పెనవేసియే యిచ్చును. ఈ ఖనిజముయొక్క చరిత్రము చాలవఱకు దానిని కడిగి, చెఱిగి, వేఱుచేసినవారి చరిత్రమని మా యభిప్రాయము. గడ్డకు కాపలా పెట్టి పొడిని పాఱబోసిన కాలమునుండి పొడియే ధనమైన కాలమువఱకు జరిగిన కథ చదువరులకు చెప్పవలెనని మాకు తోచినది.

శుద్ధమైన గడ్డ దొరకిన చోటు లోకమున నొక్కటి చెప్పదగినది కలదు. ఇంగ్లండు వాయవ్యభాగమున కంబర్లండు కొండలలో బారోడేలను లోయయున్నది. అందు సీత్‌వైటు పల్లెకు మీది కొండచఱియలో 16వ శతాబ్దమున నీ నల్లరాయి బయటపడెను. గాలివానకు పెద్దచెట్టు కూలగా దాని వేళ్లక్రింద కనబడెనని యొక కథ చెప్పుదురు. కథ యెట్లున్నను, అచ్చటి గొఱ్ఱెలకాపరులు దీనితో మందలకు గుర్తులు పెట్టుకొనిరనుట నమ్మదగియే యున్నది. 1565లో జూరిచ్ నగరపు పండితుడు గెస్నరు తన ఖనిజగ్రంథమున, కఱ్ఱగొట్టములో దూర్చిన వ్రాతపుల్ల బొమ్మ నొకదానిని వేయించెను. పెన్సిలునకు మనకు దొరకు తొలిచిత్రమదియే.

ఆ కొండలు సుమారు 45 కోట్ల యేండ్లనాటి యగ్నిపర్వతముల రాళ్లు. వానిక్రింద నున్న పలకరాళ్లలో కర్బనము కలదు. పైకి లేచుచున్న శిలాద్రవము ఆ కర్బనమును కొంత హరించెననియు, కర్బనవాయువులతో నిండిన వేడినీరు పగుళ్లవెంట నెగబ్రాకి చల్లాఱుచు గ్రాఫైటును దిగవిడిచెననియు భూగర్భశాస్త్రజ్ఞుల నిర్ణయము. అందుచేత నది బొగ్గుగనివలె పఱపులు పఱపులుగ నుండక, గొట్టములుగను గుంటలుగను చిక్కును. నేడు బండంత గడ్డ. రేపటినుండి యేండ్లతరబడి వట్టి రాయి. కాని యా గడ్డ యెంత గట్టిదనగా, ఱంపముతో కోసి పుల్లలు చేసి కఱ్ఱలో నిమిడ్చినచో నింకేమియు చేయకయే పెన్సిలయ్యెడిది.

దీనికి గౌరవము తెచ్చినది వ్రాత కాదు, యుద్ధము. ఫిరంగిగుండ్లు పోయు నచ్చుల లోపల నీ పొడి పూసినచో గుండు నున్నగ వచ్చును. ఇక గనికి కావలివారు, గని నోటిమీదనే యొక యిల్లు, పని విడిచి పోవు కూలివాని బట్టలు వెదకుట! కొంతకాలము త్రవ్వి, సరుకు చాలినంతనే గని మూసివేసెడివారు. 1752లో పార్లమెంటు ఈ గనినుండి దొంగిలించుటను ఘోరాపరాధముగ నెంచి, కఠినశిక్షయో సముద్రముల కావలకు పంపుటయో విధించునట్లు శాసనము చేసెను. మేకలు మేపుకొను బీదవాడు గుప్పెడు నల్లరాయి జేబులో వేసికొన్నందులకు దేశాంతరము పోవలసిన దినములవి. అటు చట్టము గడ్డను కాపాడుచుండగా, ఇటు ఱంపముక్రింద రాలిన పొడిని మాత్ర మెవరును లెక్కచేయకుండిరి. నూరెంబర్గు పనివారు దానిని గంధకముతోడను జిగురుతోడను కలిపి పుల్లలు చేసిరి గాని, అవి పెళుసై, గీతకు బదులు గీఱునే మిగిల్చెను.

ఆ పొడికి విమోచనము ఫ్రాన్సున కలిగెను. 1793లో ఫ్రెంచి విప్లవప్రభుత్వమునకును ఇంగ్లండునకును యుద్ధము రాగా, బారోడేలు సరుకు నిలిచిపోయెను. దండునకు పటములు గీయువారికి పెన్సిళ్లు లేవు. కార్నో యీ పనిని నికోలా జాక్ కోంతేకు నప్పగించెను. ఈ కోంతే చిత్రకారుడు, యంత్రకారుడు, బెలూనులలో నింపు జలజనవాయువుతో ప్రయోగములు చేయుచు నెడమకన్ను పోగొట్టుకొన్నవాడు. ఇతడు కొలది దినములలోనే యుపాయము కనుగొన్నాడందురు. తక్కువరకపు గ్రాఫైటును మెత్తగ నూఱి, నీట కడిగి, జల్లించిన బంకమట్టిని దానితో కలిపి ముద్దచేసెను. ఆ ముద్దను గాడులలో నొత్తి, ఆఱిన పుల్లలను గాలి సోకకుండ బొగ్గుపొడిలో పొదిగి, మూతవేసిన మూసలో కాల్చెను. 1795లో దీనికి హక్కుపత్రము పొందెను. మన్ను హెచ్చినచో పుల్ల కఠినమై గీత లేతయగును. గ్రాఫైటు హెచ్చినచో మెత్తనై గీత నల్లనగును. వియన్నాలో హార్డ్‌ముత్తనువాడును దాదాపు ఆ కాలముననే యీ మార్గమునకే వచ్చెను. కుమ్మరి కుండ కాల్చుటకన్న నిందులో గొప్ప రహస్యమేమియు లేదు. అయినను రెండువందల యేండ్లుగ పొడిని పాఱబోయుచుండిన వారికి నది తోచలేదు. కొనుటకు గడ్డ దొరకుచున్నంతకాల మెవరికిని తోచదు కాబోలు.

కోంతే పద్ధతి అమెరికాలో చిక్కిన చోటును కొంచెము చెప్పవలెను, ఏలయన నక్కడ మన దేశమువారికి తెలిసిన యొకపేరు వచ్చును. చట్టమును వినయముతో నుల్లంఘించుటనుగూర్చి వ్రాసి, గాంధీమహాత్మునిచే గౌరవింపబడిన హెన్రీ డేవిడ్ థోరో పెన్సిళ్లు చేయువారింటి బిడ్డ. అతని మేనమామ 1821లో న్యూహాంప్‌షైరున గ్రాఫైటు గని యొకటి కనిపెట్టగా, తండ్రి కాంకర్డు పట్టణమున పెన్సిళ్ల పని నడపుచుండెను. ఆ పుల్లలు గరగరలాడుచుండెడివి. పొడిలో ముతక గింజలుండుటయే దోషము. థోరో తిరుగలిచుట్టు ఎత్తైన పెట్టెవంటి గొట్టమును కట్టించి, లోనికి గాలి పాఱునట్లు చేసెను. మిక్కిలి సన్నని పొడి మాత్రమే గాలితో పైకి లేచి పైయరపై బడును. ముతక పొడి మరల తిరుగలిలోనికే దిగును. కళ్లమున వడ్లు తూర్పాఱబట్టు రైతు చేయు పని యిదియే. అతడు పొల్లును గాలికి విడిచి గింజను తీసికొనును, థోరో గాలికి లేచినదానిని తీసికొనెను. థోరోను ఋషియని కొనియాడువారు ఈ తిరుగలిసంగతి నెత్తకుందురు. మాకో, ఇదియే యతని గ్రంథములకు చక్కని పీఠికగ దోచుచున్నది.

అయితే పెన్సిళ్లకు పట్టు గ్రాఫైటు కొద్ది. 19వ శతాబ్దమున దీనిని కుప్పలుగ మ్రింగినది మూస. మన కంసాలివాని మట్టిమూస చిన్నది. కొన్ని తులముల బంగారమునకు చాలును. మణుగులకొలది యిత్తడిని కరగించుటకు వట్టిమట్టి మూస పనికిరాదు. చుఱ్ఱున కాగి చల్లాఱునప్పుడు పగులును. మట్టిలో సుమారు సగపాలు గ్రాఫైటు కలిపినచో, వేడి త్వరగ లోనికి పోవును, మూస పగులదు, కరగిన లోహము గోడల కంటుకొనదు. గ్రాఫైటు గాలిలో మెల్లగ కాలిపోవు లోపమును మట్టి కప్పి కాపాడును. 1856లో లండను బాటర్‌సీలో మోర్గాను సోదరులు స్థాపించిన కర్మాగారము ఇట్టి మూసలకు ప్రసిద్ధి కెక్కెను. దానికి కావలసిన రాయి సింహళమునుండి పోయెను.

సింహళమున గ్రాఫైటు చీలికలలో దొరకును. పురాతనమైన గట్టిరాళ్లు పగిలిన నెఱ్ఱెలలో అది నిండియుండును. కొన్నిచోట్ల గోడలకు నిలువుగ సూదులు గుచ్చినట్లు పేర్చుకొని మెఱయును. నూటికి 95 పాళ్లకు మించిన కర్బనముగల యీ జాతి గ్రాఫైటు వ్యాపారమునకు చాలినంత దొరకు దేశ మదియొక్కటే యనవచ్చును. బొగళ, కహటగహ గనులు పేరుపడినవి. పాతకాలపు గనులు నిలువుబావులు. అడవికఱ్ఱలు కట్టిన నిచ్చెనలమీదుగ కూలీలు దిగెడివారు. గ్రాఫైటు పొడి పూసికొన్న మెట్టెంత జాఱునో చెప్పనక్కఱలేదు.

పైకి వచ్చిన రాయి మూటలకెక్కి కొలంబో చేరెడిది. అక్కడి కొట్టములలో దానిని శుద్ధిచేసినవారు స్త్రీలు. చిన్న గొడ్డళ్లతో పలుగురాయిని గడ్డనుండి చెక్కుట, జల్లెడపట్టుట, పొడిని నీటగడిగి యిసుకను వేఱుచేయుట, తడి గోనెపై రుద్ది మెఱుగు తెచ్చుట, గడ్డలు తునకలు పొడి యని రకములు విడదీయుట, ఇదంతయు వారి చేతిపని. దినమంతయు నల్లపొడిలో కూర్చుండి, సాయంకాలము కన్నులు పండ్లు తప్ప తక్కిన దేహమంతయు లోహవిగ్రహమువలె మెఱయుచు నింటికి పోవువారిని తలచికొనుడు. యంత్రము లేకుండ నట్టి శుద్ధి కలిగెనన్న నది యీ స్త్రీల కంటి నేర్పు, వ్రేళ్ల నేర్పు. మొదటి ప్రపంచయుద్ధమున, 1916లో, ఎగుమతి 30 వేల టన్నులకు మించెను. యుద్ధము ముగియగనే గిరాకి కూలెను, మడగాస్కరునుండి చౌక రేకుల గ్రాఫైటు వచ్చి పడెను, గనులు మూతపడెను.

ఆ గనుల లాభము పూర్తిగ పరదేశులకే పోలేదనుట న్యాయము. సింహళీయులే పలువురు గనులకు స్వాములై ధనికులైరి. డాన్ స్పేటర్ సేనానాయక యట్టివాడు. అతని కొడుకులు 1912 నాటి మద్యపాననిషేధోద్యమమున ముందు నిలిచిరి, వారిలో డి. ఎస్. సేనానాయక 1947లో దేశమునకు తొలి ప్రధానమంత్రి యయ్యెను. కల్లుపాకలకు తాళము వేయింప యత్నించిన యా కుటుంబమును మేము మనసార మెచ్చుకొందుము. కాని కొలంబో కొట్టములలోని స్త్రీల యూపిరితిత్తుల విషయమై యుద్యమమేదియు నడువలేదు. గ్రాఫైటుపొడివలన కలుగు శ్వాసకోశవ్యాధినిగూర్చి సింహళవైద్యులు పరిశీలించి ప్రకటించినది 1972లో. నూఱేండ్ల పొడి యప్పటికే పీల్చబడియుండెను.

చేతితో నేఱుటకు గడ్డ కావలెను. రాతిలో మినుకుమినుకుమను రేకులుగ చెదరియున్న గ్రాఫైటును వేళ్లతో నేఱుట కుదరదు. ఆ చిక్కు విప్పినవారు జర్మనీలోని డ్రెస్డెను నగరపు బెసెల్ సోదరులు. గ్రాఫైటునకు నీరనిన పడదు, నూనెయనిన ప్రీతి. రాతిపొడికో, నీరే చుట్టము. వారు 1877లో పొందిన హక్కుపత్రమున నున్న పద్ధతి యిది: నూఱిన ఖనిజమున కొంచెము నూనె వేసి నీటిలో మరిగించుట. ఉడుకునీటి బుడగలు నూనెపూసిన గ్రాఫైటు రేకులను పట్టుకొని పైకి తెచ్చును; రాతిపొడి యడుగున నిలుచును. మజ్జిగలో వెన్న తేలుట చూచిన ఇల్లాలికి దీనిని వివరింప నక్కఱలేదు. నురుగును పైనుండి తీసికొన్నచో పని ముగిసినట్లే. లోకమీ యుపాయమును మఱచియే పోయెను. ఇరువదియైదు ముప్పదియేండ్లకు ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ తుత్తునాగపు గనులవారు బుడగలనే వేఱుదారిని మరల కనుగొని పేరుపొందిరి. నేడు రాగి, తుత్తునాగము, సీసము మున్నగు లోహముల ఖనిజములను శుద్ధిచేయుటకు లోకమంతట వాడునది యీ నురుగుపద్ధతియే. సీసమని పొరపాటున పిలువబడినదాని శుద్ధికై పుట్టిన విద్య, తుద కసలు సీసమునకును పనికివచ్చెను.

ఈ పద్ధతి మన కొండలకు మిక్కిలి వర్తించును. విశాఖపట్టణముచుట్టును, సింహాచలముమీదను, తూర్పుకనుమల పొడవునను కనబడు ఎఱ్ఱని తుప్పుడాగుల రాతికి 1902లో వాకరను భూగర్భశాస్త్రజ్ఞుడు ఖోండలైటని పేరుపెట్టెను. ఆ కొండలలో నివసించు ఖోండుల పేరే రాతికి వచ్చెను. కోణార్క దేవాలయమును కట్టినది చాలభాగ మీ జాతిరాతితోడనే. ఇందు పలుగు, ఎఱ్ఱని గార్నెట్టు, సిల్లిమనైటు, వానినడుమ గ్రాఫైటు రేకులు నుండును. ఇది మొదట సముద్రపుటడుగున పేరుకొన్న బురద. ఆ బురదలో చచ్చిన సూక్ష్మజీవుల శేషము కలదు. సుమారు 100 కోట్ల యేండ్ల క్రిందట భూమిలోతులలో ఘోరమైన వేడిమికి లోనై బురద ఖోండలైటయ్యెను, జీవులలోని కర్బనము గ్రాఫైటయ్యెను. బారోడేలుగడ్డ వేడినీటి దానము. మన కొండలలోని రేకు ఒకప్పటి ప్రాణుల శేషము. విశాఖపట్టణపు కొండలలోను, గోదావరితీరపు మన్యములోను, భద్రాచలముప్రాంతమునను ఇది యక్కడక్కడ కూడియున్నది. దక్షిణమున తిరువాన్కూరు వెల్లనాడులోను ఇట్టి శిలలలోనే గని త్రవ్విరి గాని, లోతు పెరుగగా ఖర్చు భరింపలేక 1912 ప్రాంతమున నిలిపివైచిరి.

రేకుల ఖనిజమును శుద్ధిచేయుటలో నొక ధర్మసంకటము కలదు. మెత్తగ దంచినగాని రేకు రాతినుండి వీడదు. మెత్తగ దంచినచో రేకే చితుకును. పెద్దరేకునకే ధర యెక్కువ. కావున కొంచెము దంచి, నురుగున తేల్చి, తేలినదానిని మరల కొంచెము నూఱి మరల తేల్చుట యాచారము. ఇట్లు పలుమాఱులు చేయగా నూటికి 90 పాళ్లకు మించిన సరుకు వచ్చును. అంతకుమించిన శుద్ధి కావలెనన్నచో క్షారములతో వేచవలెను, లేదా గాజునుగూడ తినివేయు హైడ్రోఫ్లోరిక్కామ్లముతో కడుగవలెను. ఆ కడిగిన నీరు ఏ వాగులో కలియునో చూచుకొనుట గనియజమాని ధర్మము. అచ్చటి పల్లెవారు చూచుకొనువఱకు నతడు చూచుకొనడనుట పెక్కుదేశముల యనుభవము.

1896లో అమెరికాలో ఆచెసన్ విద్యుత్కొలిమిలో కృత్రిమ గ్రాఫైటును చేసి హక్కుపత్రము పొందెను. దానితో గనులకు పని తీఱునని యనుకొన్నవారుండవచ్చును. తీఱలేదు. నేడు బండ్లను నడపు లిథియపు విద్యుద్ఘటములలో నొకధ్రువము గ్రాఫైటు. పేరు లిథియమునకు వచ్చినదేగాని, తూకమునకు గ్రాఫైటే యెక్కువ. ఇందులకు రేకు పనికిరాదు. దానిని మడిచి, దొర్లించి, కంటికి కానరాని గుండ్రని గింజలుగ చేయవలెను. ఆ పని యధికభాగము చీనాదేశమున జరుగుచున్నది. దొర్లించుటలో సరుకులో చాలభాగము, తఱచుగ సగమునకు మించి, అంచులు రాలి సన్నపొడియై పోవును. ఆ పొడిని విద్యుద్ఘటములవారు పుచ్చుకొనరు. దానిని వేఱుగ మూటకట్టి, కందెనలు చేయువారికిని ఉక్కు కొలుములవారికిని తక్కువధరకు అమ్ముచున్నారు.